అట్ట మీది రైలు

కోడలు తనకు అబద్ధం చెబుతోందని వినాయక్‌కు అనిపించింది.

కొత్త కోడలిని అనుమానించడం ఏ మామకైనా శోభనివ్వదు. వినాయక్ కూడా చెడ్డవాడేం కాదు. నాందేడ్ వజీరాబాద్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకుని, చెంబు కొంటానని వచ్చి గంటసేపు కబుర్లు చెప్పి ఉత్త చేతులతో వెళ్లే ఆడవాళ్లకు కూడా చాయ్ తాగించి పంపే మనిషి. కానీ ఇంట్లో ఉన్న ఆ అద్దాల బీరువా సంగతి వస్తే చాలు, ఆ మంచితనమంతా ఏ గంగలో కలుస్తుందో తెలియదు. దాని తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు. భార్య సుందరబాయి దుమ్ము దులుపుతానన్నా ఒప్పుకోడు. “బంగారమేమన్న దాసినవా అండ్ల” అని ఆమె అడిగీ అడిగీ విసిగి మానేసింది.

బీరువాలో ఉన్నవి చీకటిబాణం పుస్తకాలు. ఒకప్పుడు మద్రాసు నుంచి నెలనెలా వచ్చిన అపరాధ పరిశోధన పత్రిక అది. ఇప్పుడు ఆ పత్రికా లేదు, ఆ ప్రెస్సూ లేదు. ఒక్కో పుస్తకం తీసి అట్ట మీద చేయి పెట్టాడంటే వినాయక్ గొంతే మారిపోతుంది. అట్ట మీది ఆడమనిషి పెదవుల ఎరుపు గీత దాటి కాస్త చెంప మీదికి పాకి ఉంటుంది. అచ్చు వేసేటప్పుడు కాగితం వెంట్రుకవాసి జరిగి వచ్చిన తప్పు అది. ఆయనకు ఆ తప్పే ప్రాణం. ఆ మనిషి కెవ్వుమన్నట్టు నోరు తెరిచి ఉంటుంది గానీ కళ్లలో భయం ఇసుమంతైనా ఉండదు. రివాల్వర్ పట్టుకున్న తీరు చూస్తే వంకాయ కోయబోతున్నట్టు ఉంటుంది. డిటెక్టివ్ టోపీ నీడ, సూర్యుడు ఎటున్నా సరే, ఒక కంటి మీదే పడుతుంది. బొమ్మలు వేసినాయన పేరు ఎవరికీ తెలియదు. మూలన కొడవలి లాంటి చిన్న గీత గీసి వదిలేసేవాడు. ఆ గీత కనిపిస్తే వినాయక్‌కు కడుపు నిండినట్టుంటుంది.

అట్ట చూపించి ఊరుకుంటాడా, కథ కూడా చెబుతాడు. అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది ఆకుపచ్చ చీర కథ. ఆ అట్ట మీద రైలు ప్లాట్‌ఫారం, ఆకుపచ్చ చీర కట్టుకున్న పడుచు, ఆమె కాళ్ల దగ్గర ఇనప్పెట్టె, పెట్టె మూల నుంచి కారుతున్న ఎర్రటి ధార. నాందేడ్ పక్కనే ఉన్న ముద్ఖేడ్ స్టేషన్లో బండి ఆగింది. పోలీసులు చుట్టుముట్టారు. పెట్టెలో శవం ఉందని జనమంతా గొల్లుమన్నారు. డిటెక్టివ్ రఘువీర్ మాత్రం కింద కూర్చుని నేల చూశాడు. రక్తమైతే ఈగలు ముసరాలి గదా, ఇక్కడ చీమలు బారులు కట్టాయేమిటి? కారుతున్నది బెల్లం పాకంలో కలిపిన రంగు. పెట్టెలో ఉన్నది ఆమె అన్న, బతికే ఉన్నాడు, దొంగలకు భయపడి దాక్కున్నాడు. ఈ చీమల దగ్గరికి వచ్చేసరికి గిన్నెలు కొనేవాళ్లు బేరం మరిచిపోయేవాళ్లు. “మద్రాసుల కూసోని రాసెటోనికి ముద్ఖేడ్ స్టేషన్ల బండి ఎంతసేపు ఆగుతదో ఎట్ల ఎర్క సూడుండ్రి” అని వినాయక్ ఆ రాసినవాడి తెలివికి మురిసిపోయేవాడు.

ఇన్ని కథలు నోటికి వచ్చిన వినాయక్‌కు తెలుగు అక్షరం ఒక్కటి రాదు. ఇందులో వింతేం లేదు. సరిహద్దు మీది ఆ తాలూకాల్లో పుట్టినవాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు నాలుక మీద పుట్టి నాలుక మీదే పెరుగుతుంది, కాగితం దాకా పోదు. ఆ కథలన్నీ అత్త, అంటే మేనమామ భార్య, అనుసూయాబాయి చదివి వినిపించినవి. కుండల్‌వాడిలో ఆమె ఇంటికి సెలవులకు వెళ్లినప్పుడల్లా, మామ పోచన్న పత్తి అమ్ముకుని నిజామాబాదు నుంచి వస్తూ తెచ్చిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆమె చదివేది. పోచన్న ఒక పక్క, వినాయక్ ఒక పక్క. తర్వాత ఆ పుస్తకాలన్నీ ఆమే వినాయక్‌కు ఇచ్చింది.

ఆ యేడు ఊళ్లోని తెలుగు సమాజం వార్షికోత్సవానికి ఆ అట్టలతో ప్రదర్శన పెడదామని కార్యదర్శి దిగంబర్ వచ్చి అడిగాడు. ఒక్కో అట్ట కింద కథ నాలుగు ముక్కల్లో తెలుగులో రాసి పెట్టాలన్నాడు. వినాయక్‌కు ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు, సంతోషంతోనే. రాసే పని కోడలు దీపాలికి అప్పజెప్పాడు. ఆమెది సరిహద్దుకు అవతలి వైపు బోధన్, పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి మొదటిసారి ఇంకొకరి చేతిలో పెట్టాడు.

రెండు రోజుల తర్వాత దీపాలి పుస్తకం పట్టుకుని వచ్చి నిలబడింది.

“మామా, ఇండ్ల రైలు లేదు.”

“లేకుంటెట్ల బిడ్డా? మంచిగ సూడు.”

“రెండుసార్లు సదివిన. రైలు లేదు, పెట్టె లేదు, చీమలు గూడ లేవు. కొండ మీద ఒక బంగ్లా ఉన్నది. అండ్ల ముసలాయినకు మేనల్లుడు పాలల్ల విషం కలుపుతడు. నర్సు పట్టిస్తది. గంతే.”

“రఘువీర్ ఏడవోయిండు మరి?”

“ఆ పేరే లేదు మామా.”

మిగతావి కూడా చదవమన్నాడు. నల్లపిల్లి అట్ట పుస్తకంలో పిల్లి లేదు. పెద్ద హార్మోనియం పెట్టె ముందు కూర్చున్న దొరసాని అట్ట పుస్తకంలో దొరసాని లేదు, ఎవరో ఇద్దరు లాయర్లు పేజీలకు పేజీలు వాదించుకుంటున్నారు. ఏది తెరిచినా అంతే. అట్ట ఒక దారి, కథ ఒక దారి.

“అప్పట్ల బొమ్మ ఒకలు ఏస్తుండిరి, కత ఒకలు రాస్తుండిరేమో మామా,” అంది దీపాలి మెల్లగా. “అట్ట కొనిపిచ్చెటందుకే గదా.”

“ఆ కత నేను ఇన్న. నా చెవులతోని ఇన్న,” అన్నాడు వినాయక్. ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాడు.

ఈ పిల్లకు తెలుగు సరిగ్గా వస్తుందా అని ఆయనకు మొదటి అనుమానం. పదో తరగతి అని చెప్పారు గానీ సంబంధాల వేళ చెప్పే చదువులు ఎవరు నమ్ముతారు. మర్నాడు నిజామాబాదు నుంచి వచ్చిన బస్సు డ్రైవర్‌ను బతిమాలి ఒక తెలుగు పేపరు సంపాదించాడు. అందులో ఏముందో ముందుగా ఆ డ్రైవర్‌తోనే చదివించుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి తెచ్చి దీపాలి చేతిలో పెట్టాడు. ఆమె మంచినీళ్లు తాగినట్టు చదివేసింది, ధరల పట్టికతో సహా. చదివి, “పరీక్షల పాసయిన్నా మామా?” అని అడిగింది. వినాయక్ దగ్గి బయటికి నడిచాడు.

కోడలిది తప్పు కాదు. మరి ఎవరిది? పుస్తకాలు అత్త చేతి నుంచి నేరుగా తన చేతికి వచ్చాయి. తన చేతి నుంచి ఒక్కసారే బయటికి పోయాయి, జిల్దు కట్టించడానికి, అదే బైండింగుకు. కట్టింది రామదాస్.

రామదాస్ అంటే ఎవరో కాదు, వినాయక్‌తో ఒకే బల్ల మీద కూర్చుని ఒకే మాస్తరు చేత దెబ్బలు తిన్నవాడు. వెనక గల్లీలో పుస్తకాలకు జిల్దులు కట్టే చిన్న కొట్టు. శ్రావణమాసం వస్తోందంటే ఇంటింటి పారాయణం పోథీలు, తాతల నాటివి, ఊడిపోయినవి, అతని దగ్గరికే వస్తాయి. దేవుడి పుస్తకం ఎవరి చేతిలో పడితే వారి చేతిలో పెట్టరు గదా. చీకటిబాణం పుస్తకాల కాగితం అప్పడంలా విరిగిపోతోందని వినాయక్ వాటిని అతనికిస్తే, ఒక వానాకాలమంతా తన దగ్గర పెట్టుకున్నాడు. అడిగినప్పుడల్లా తడి గాలికి జిగురు ఆరడం లేదనేవాడు. అప్పుడు ఆ మాట మామూలుగానే వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే వినాయక్‌కు ఒళ్లు మండింది. అన్ని నెలలు ఏం ఆరబెట్టాడు? లోపలి కథలు ఎవడో హైదరాబాదువాడికి అమ్ముకుని, ఏవో పనికిరాని పుస్తకాల పేజీలు తన అట్టల మధ్య కుట్టి ఇచ్చి ఉంటాడు. తనకు తెలుగు చదవడం రాదని వాడికి తెలుసు. తెలిసినవాడే గదా కన్నం వేసేది.

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. అది ఒకసారి గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే పీట వేసుకుని కూర్చుంటుంది. వినాయక్ రోజూ సాయంత్రం దుకాణం కొడుకు శుభంకు అప్పజెప్పి, రామదాస్ కొట్టుకు ఎదురుగా ఉన్న కైలాస్ చాయ్ టపరీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మరాఠీ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని దాని అంచు మీదుగా చూసేవాడు. కథల్లో డిటెక్టివ్‌లు అలాగే చూస్తారు. కాకపోతే వాళ్లను ఆ గల్లీలో అందరూ పేరు పెట్టి పలకరించరు.

“ఏంది యార్, రోజు అక్కడ కూసుంటున్నవ్, ఇటు రారాదు,” అని రామదాస్ సూది పట్టుకునే కేకేశాడు ఒకనాడు.

పిలుస్తున్నాడంటే లోపల ఏదో ఉంది, దాన్ని కప్పిపుచ్చుకోవడానికే పిలుస్తున్నాడు అనుకున్నాడు వినాయక్. పిలవకపోయినా అదే అనుకునేవాడు. లోపలికి వెళ్లాడు. రామదాస్ ఒక పోథీకి వీపు అతికిస్తున్నాడు. ఆ వీపు లోపల దన్నుగా పెట్టిన పాత కాగితం ముక్క మీద గుండ్రటి తెలుగు అక్షరాలు. వినాయక్ అది చూడనే చూశాడు. చాయ్ తెప్పించమని అతన్ని అటు తిప్పి, కింద పడున్న అలాంటి ముక్క ఒకటి జేబులో కుక్కుకున్నాడు.

ఇంటికొచ్చి దీపాలికి చూపించాడు. “పాత పంచాంగం మామా ఇది. ఏ దినం కొత్త బట్టలు కట్టుకోవాల్నో రాసున్నది,” అంది ఆమె. వినాయక్ వినిపించుకోలేదు. పంచాంగం ముక్క దొరికిందంటే తెలుగు కాగితాలు వాడి దగ్గర ఉన్నాయనే గదా. ఉన్నాయంటే తనవి కూడా ఉంటాయి. ఎదుటివాడిని దొంగను చేయాలనుకున్నాక సాక్ష్యాలకు కొదవేముంటుంది.

ఆ మర్నాడు టపరీలో పదిమంది ఉండగా దిగంబర్ వచ్చి ప్రదర్శన ఎంతవరకు వచ్చిందని అడిగాడు. వినాయక్ ఇక ఆగలేకపోయాడు.

“ఏం ప్రదర్శన సేటూ. అట్టలే నాయి. లోపటి కతలు ఎవ్వడో తిన్నడు. జిల్దుకిచ్చిన పాపానికి పొట్టలు కోసి ఉత్త చర్మం తిరిగిచ్చిండు.”

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? జిల్దు కట్టేవాడు ఆ గల్లీలో ఒక్కడే. అందరి చూపులూ రోడ్డు అవతలికి తిరిగాయి. రామదాస్ దారం పళ్లతో తెంపుతూ ఇటే చూస్తున్నాడు. విన్నాడో లేదో ముఖం చూసి చెప్పడం కష్టమైంది.

మాటకు కాళ్లుంటాయి. రెండు రోజులు తిరగకుండానే జనాబాయి అనే ముసలమ్మ సగం కుట్టిన తన పోథీని రామదాస్ దగ్గర నుంచి వెనక్కి తీసుకెళ్లింది. ఆమెను చూసి ఇంకొకరు. డిటెక్టివ్ కథల్లో పేజీలు కాజేసినవాడు దేవుడి కథల్లో కాజేయడని నమ్మకమేమిటి? శ్రావణం ముందు రద్దీగా ఉండాల్సిన కొట్టు ఖాళీ అయిపోయింది. వినాయక్ టపరీ నుంచి అది చూశాడు. చూసి సంతోషించాడా అంటే లేదు. కానీ తన కథలు పోయిన బాధ తనది. చీమల్ని ఎవడో దోచుకుపోయాడు, రఘువీర్‌ను దోచుకుపోయాడు, అత్త పక్కన కూర్చుని విన్న సెలవులన్నీ దోచుకుపోయాడు. ఎట్లా ఊరుకుంటాడు?

రామదాస్ తనంతట తానే దుకాణానికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నన్ను చోర్ అన్నవట.”

“నీ పేరు తియ్యలే నేను.”

“పేరు తీస్తె గింత బాధ లేకుండె.” రామదాస్ గొంతు చిన్నగానే ఉంది. “సూడు వినాయక్, నాకు తెలుగు సదువు రాదు, నీకు రాదు. మనిద్దరం కొట్లాడి ఫాయిదా లేదు. ఆ పుస్తకాలు సదివిన మనిషి ఒక్కతే ఉన్నది. అత్త కాడికి పోదం. కత ఏందో ఆమెనే చెప్తది. నేను మార్చిన అని ఆమె అంటె, కొట్టుకు తాళమేసి నాందేడ్ ఇడిసిపెట్టి పోత. మార్చలే అంటె నువ్వు టపరీ కాడ అందరి ముందట చెప్పాలె.”

“నడువు,” అన్నాడు వినాయక్. వీడికి ఇంత ధైర్యం ఎక్కడిదని లోపల మళ్లీ ఒక అనుమానం.

ఆదివారం పొద్దున ముగ్గురూ కారులో కుండల్‌వాడి బయలుదేరారు. దీపాలి చదవడానికి. దీపాలి సంచిలో ఆకుపచ్చ చీర పుస్తకంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ప్రదర్శన కోసమని ఆమె హైదరాబాదులోని పాత పుస్తకాలాయన దగ్గర్నుంచి తెప్పించిన చీకటిబాణం, వినాయక్ దగ్గర లేని సంచిక, జిల్దు కూడా లేదు. అట్ట మీద వానలో గొడుగు పట్టుకున్న మనిషి, గొడుగు కింద మూడు కాళ్లు. ఆ మూడో కాలు ఎవరిదో తెలియక వినాయక్ వారం నుంచి గిలగిల్లాడుతున్నాడు. దీపాలి చదువుతానంటే వద్దన్నాడు. అత్త నోటితోనే వినాలని.

అనుసూయాబాయికి ఎనభై దాటాయి. ఆ వాడలో ఆమెకున్న మర్యాద ఇంకెవరికీ లేదు. సదువుకున్న అనుసూయమ్మ అంటారు. ఆ రోజుల్లో నిజామాబాదు వైపు నుంచి చదువుకున్న పిల్లను చేసుకొచ్చానని పోచన్న మీసం మెలేసి తిరిగాడట. పిల్లలకు పేర్లు పెట్టాలన్నా, కోడళ్లకు బుద్ధి చెప్పాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. ఎవరైనా మరాఠీ కాగితం తెస్తే మాత్రం, “నాది తెలుగు సదువు బిడ్డా” అని నవ్వి తిప్పి పంపేది. ఆ ఊరికి తెలుగు కాగితం వచ్చేది ఎన్నడు గనక.

కారు చప్పుడుకు పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురైదుగురు గడప దగ్గర చేరారు. అత్త కోడలు ఉమాబాయి చాయ్ తెచ్చింది. వినాయక్ ఆకుపచ్చ చీర పుస్తకం అత్త చేతిలో పెట్టాడు.

“అత్తా, ఇండ్ల కత ఏందో జర చెప్పు. ఈయిన ఇనాలె.”

ఆమె అట్టను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. ముఖం విచ్చుకుంది. “ఇది మరుస్తనా? ముద్ఖేడ్ల బండి ఆగింది,” అని మొదలుపెట్టింది. పెట్టె, జనం గొల్లు, రఘువీర్, చీమలు. ఒక్క ముక్క తేడా లేదు. వినాయక్ రామదాస్ వైపు తిరిగాడు. “ఇన్నవా?” అన్నాడు. గెలిచినవాడి గొంతు అది, దాచుకుందామన్నా దాగలేదు.

రామదాస్ తల వంచుకున్నాడు. “ఇన్న,” అన్నాడు. గడప దగ్గరి ఆడవాళ్లకు సంగతేమిటో అర్థం కాకపోయినా ఆ మనిషి ఏదో తప్పు చేశాడని అర్థమైంది. గుసగుసలు మొదలయ్యాయి.

గెలిచిన ఊపులో వినాయక్‌కు చిన్నతనం తోసుకొచ్చింది. సంచిలోంచి గొడుగు పుస్తకం తీశాడు. “అత్తా, ఇది కొత్తది. నువ్వు గూడ సూడలే. సదువు,” అని పక్కన చతికిలపడ్డాడు, అప్పట్లో కూర్చున్నట్టే, భుజానికి భుజం ఆనించి.

“ఇప్పుడా? కండ్లు సరిగ ఆనయి కొడుకా.”

“జరంత సదువు. నా కోసం.”

ఆమె అట్టను చాలాసేపు చూసింది. గొడుగును వేలితో తడిమింది. మూడు కాళ్లనూ తడిమింది. తర్వాత పుస్తకం నడిమికి విప్పి, తల కొద్దిగా వంచి, చదవడం మొదలుపెట్టింది. “వాన దంచి కొడుతున్నది. గోదారి ఒడ్డు మీద ఒక్క పురుగు లేదు. గొడుగు పట్టుకున్నాయిన నడుస్తున్నడు గని బురదల మూడు కాళ్ల అడుగులు పడుతున్నయి...” ఎంత బాగా చదువుతోంది. గొంతు వణుకు కూడా పోయింది. మూడో కాలు కర్ర కాలని, ఆ కర్ర బోలుదని, అందులో ఏదో ఉందని వినాయక్‌కు వింటుంటేనే తెలిసిపోతోంది. ఎప్పటిలా పేజీ మీదికి వంగాడు. అక్షరాలు రాకపోయినా చిన్నప్పుడు ఆమె వేలు కదులుతుంటే చూడటం అలవాటు.

ఆ పేజీలో నిండుగా ఒక తలనూనె సీసా బొమ్మ ఉంది. పక్కన మోకాళ్ల దాకా జుట్టు వదులుకున్న ఆడమనిషి. నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో, అంతే. “ఎవరక్కడ అని అరిచిండు హవల్దారు,” అని ఆ సీసా మీద వేలు నడుపుతూ చదివింది అత్త. పేజీ తిప్పింది. ఈసారి పన్నెండు గదుల రాశిచక్రం, మీనం, మేకపోతు, తేలు. హవల్దారు ఆ గదుల మధ్య నుంచి పరుగెత్తుతూనే ఉన్నాడు.

వినాయక్‌కు ముద్ఖేడ్ గుర్తొచ్చింది. బండి అక్కడ ఎంతసేపు ఆగుతుందో మద్రాసువాడికి ఎట్లా తెలుస్తుంది, ఎన్నటికీ తెలియదు. దొరసాని వాయించే పియానోను పెద్ద హార్మోనియం పెట్టె అన్నది ఎవరో కూడా తెలిసింది. చదువుకున్న పెళ్లామని మురిసిపోతూ మొగుడు ప్రతి ప్రయాణంలో పుస్తకం కొనుక్కొచ్చి ఒళ్లో పెడితే, నాకు రాదని ఏ పిల్ల చెప్పగలదు? అట్ట చూసింది, కథ కట్టింది. నెలనెలా కట్టింది. చీకటిబాణం ఆమే.

తల ఎత్తేసరికి రామదాస్ కూడా ఆ పేజీనే చూస్తున్నాడు. అతని వెనక దీపాలి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూనె సీసాను పోల్చుకోవడానికి ఎవరికీ ఏ భాషా రానక్కర్లేదు.

ఇప్పుడు రామదాస్ ఒక్క మాట అంటే చాలు. ఆ పుస్తకం ఎత్తి గడప వైపు చూపిస్తే చాలు. అతని పరువు అతనికి తిరిగి వస్తుంది, ఈ ముసలమ్మది వాడంతా చూస్తుండగా పోతుంది.

రామదాస్ లేచి చెప్పుల వైపు నడిచాడు. “పోదం వినాయక్. అత్త చెప్పింది గదా. మాట ఇచ్చిన ప్రకారం కొట్టుకు తాళమేస్త.”

వినాయక్‌కు సిగ్గుతో తల నేలకు దిగింది. ఇట్లాంటి మనిషిని పేపరు చాటు నుంచి చూశాను గదా అనుకున్నాడు. లేచి అతని చేయి పట్టుకుని ఆపాడు. గడప దగ్గరివాళ్లకు కూడా వినపడేలా అన్నాడు.

“తప్పు రామదాసుది కాదు, నాది. ఇప్పుడు యాదికచ్చింది. చిన్నప్పుడు ఆడుకుంట నేనే అట్టలన్ని ఊడపీకిన. మల్ల ఏది దేనికో తెల్వక ఇష్టమొచ్చినట్టు అతికిచ్చిన. అత్త సదివిన కతలన్ని సరైనవే. నా బీరువలున్న పుస్తకాలే సెడిపోయినయి. నాందేడ్ పోంగనే టపరీ కాడ అందరి ముందట చెప్త. దిగంబర్ సేటుకు గూడ ప్రదర్శన లేదని చెప్త.”

ఏళ్ల తరబడి దాచుకున్న బీరువాను ఒక్క నోటితో చెత్త చేసేశాడు. చెప్పి చూస్తే బాధగానే ఉంది, అబద్ధమెందుకు. రామదాస్ చేయి విడిపించుకోలేదు.

అనుసూయాబాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని మేనల్లుణ్ని చూస్తోంది. తర్వాత ఒళ్లో ఉన్న పేజీని చూసింది. కళ్లకు మరీ దగ్గరగా తెచ్చుకుని చూసింది. గడప దగ్గర గుసగుస ఆగిపోయింది.

“నువ్వు ఎన్నడు ఒక్క కాయితం చింపలే కొడుకా,” అంది. “అట్టలు గట్లనే అచ్చినయి. రామదాసు గూడ ఏం తియ్యలే.” గడప వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకోకుండానే పిలిచింది. “దీపాలీ, ఇటు రా బిడ్డా. ఇట్ల కూసో. ఇండ్ల వాళ్లు ఏం రాసిండ్రో మొదటి సంది సదువు. పుస్తకాలు తెచ్చిన మీ తాత బతికున్నప్పటి సంది ఇనాలని ఉండె. అడుగుదమంటె ఎవ్వలున్నరు నాకు?”

వినాయక్ ఏదో అనబోయాడు. “నువ్వూకో,” అంది.

దీపాలి వచ్చి కూర్చుని, పుస్తకం అందుకుని, మొదటి పేజీ కోసం అట్ట తిప్పబోయింది. ముసలమ్మ ఆ చేతిని పట్టుకుంది.

“ఆ అట్ట మూసి పట్టుకో బిడ్డా. బొమ్మ కనబడితె నాకు ఇంకో కత అస్తది.”